నల్లగొండలో కూపన్ల క్యాన్ నీళ్లు: తొమ్మిది నెలలకు నాలుగు స్టార్లు, మే నెలకు సున్నా

ముందే చెప్తున్నా, నీళ్ల ప్లాంట్ పేరు రాయను. దాని ఓనర్ మా గల్లీ మనిషే, రోజూ మొహాలు చూసుకోవాలి, పైగా నేను చెప్పేది ఇట్లాంటి కూపన్ స్కీమ్ పెట్టే ఏ ప్లాంట్‌కైనా సరిపోయే సంగతి. మా అపార్ట్‌మెంట్‌లో ఇరవై ఫ్లాట్లు ఉంటే పద్నాలుగు ఇళ్లవాళ్లం పోయిన ఏడాది జూలై ఒకటి నుంచి ఇందులో చేరాం. ఒకేసారి 4,800 రూపాయలు కడితే 365 గులాబీ రంగు కూపన్లు ఇస్తారు, రోజూ ఒకటి చింపి ఇస్తే 20 లీటర్ల క్యాన్ మూడో అంతస్తు దాకా తెచ్చి గుమ్మంలో పెడతారు. విడిగా కొంటే క్యాన్ 20 రూపాయలు, కూపన్ మీద పదమూడు రూపాయల చిల్లర పడుతుంది. ఎవరికైనా ఆశ పుడుతుంది, మాకూ పుట్టింది.

చేరే ముందు డాబా మీద మీటింగ్ పెట్టుకున్నాం. అందరూ రేటు అడిగారు, క్యాన్ కొత్తదా పాతదా అడిగారు, డిపాజిట్ వాపస్ ఇస్తారా అడిగారు. మా పెద్దనాయన మాత్రం మూలన కుర్చీలో కూర్చుని ఒకటే మాట అడిగాడు, "మే నెలల ఎన్ని ఇస్తవ్?" అని. ఆయన సాగర్ ఎడమ కాల్వ మీద వర్క్ ఇన్‌స్పెక్టర్‌గా చేసి రిటైర్ అయిన మనిషి, పేపర్ రాగానే ముందు చూసేది రిజర్వాయర్ల నీటిమట్టాలే, తర్వాతే మిగతా వార్తలు. ప్లాంట్ ఓనర్ నవ్వి "రోజుకొకటి అంటే రోజుకొకటే పెద్దసారూ, మేల గూడ రోజు రోజే గద" అన్నాడు. మేమూ నవ్వాం. ఆ నవ్వు నాకు 600 రూపాయలకు పడింది, ఆ లెక్క కిందికి వస్తుంది.

మంచి ముందు చెప్పాలి. నీళ్ల రుచి నిజంగా బాగుంటుంది. అంతకు ముందు మేం బోరు నీళ్లతోనే వండేవాళ్లం, కందిపప్పు ఆరు విజిల్స్ వచ్చినా పలుకులు పలుకులుగానే ఉండేది, మా ఆవిడ పప్పు కొనే దుకాణం మార్చింది, కుక్కర్ రబ్బరు మార్చింది, నన్నూ నాలుగు మాటలు అంది. క్యాన్ నీళ్లు పోస్తే మూడో విజిల్‌కే గరిటె ఆనిస్తే చాలు మెదిగిపోయింది. నీళ్లలో కాల్షియం, మెగ్నీషియం ఎక్కువుంటే పప్పు ఉడకదు, ఆర్వోలో అవి చాలావరకు పోతాయి, ఇందులో మాయేమీ లేదు. టీ మీద తేలే ఆ నూనెలాంటి తెట్టు కూడా పోయింది. మా ఇంటికి వచ్చిన చుట్టాలు టీ ఆకు మార్చారా అని అడిగారంటే చూడండి.

ఇంక డెలివరీ అబ్బాయి. పొద్దున ఏడు కొట్టేసరికి భుజం మీద క్యాన్‌తో ఉంటాడు, లిఫ్ట్ పని చేయని రోజు కూడా ఒక్క మాట అనడు, ఖాళీ క్యాన్ తీసుకుంటూ కూపన్ జేబులో పెట్టుకుని పోతాడు. మొదటి వారంలో ఒకరోజు నేను ఏదో జోకేసి నవ్వితే అతను నా పళ్ల వైపు చూసి, "అన్నా, మీది గూడ మా దిక్కేనా?" అన్నాడు. వాళ్లది మర్రిగూడ దిక్కు, మాది అక్కడికి దగ్గరే. అతని పై పళ్ల మీద కూడా నా లాగే గోధుమ రంగు అడ్డచారలు. చిన్నప్పుడు చిగురు లోపల పళ్లు తయారయ్యే వయసులో ఫ్లోరైడ్ నీళ్లు తాగితే పడే మరకలవి, ఆ తర్వాత ఏ పేస్టుతో తోమినా పోవు. మునుగోడు, చండూరు, నాంపల్లి, మర్రిగూడ దిక్కు పుట్టిన మా వయసు వాళ్లకు ఫొటో తీసేటప్పుడు పెదాలు మూసుకోవడం అలవాటు. మా నాయనమ్మకైతే ఎముకల్లోకే దిగింది, నడుము వంగి, మోకాళ్లు వంగి, ఆఖరి రోజుల్లో నేల చూస్తూనే నడిచేది. మా జిల్లా పేరుతో ఒక నీటి శుద్ధి పద్ధతే ఉంది, నల్గొండ టెక్నిక్ అంటారు, పటిక, సున్నం కలిపి ఫ్లోరైడ్‌ను అడుక్కి దించే పద్ధతి, నాగ్‌పూర్‌లోని నీరి అనే పర్యావరణ పరిశోధన సంస్థ తయారు చేసింది, ఇథియోపియా, టాంజానియా దాకా వాడారు. ఊరి పేరు అంత దూరం పోయింది, ఏం లాభం, నీళ్ల రోగంతో పోయింది.

కాబట్టి మా జిల్లాలో నీళ్లమ్మడానికి పెద్దగా కష్టపడక్కర్లేదు, భయం ముందే ఉంది. ప్లాంట్ ఓనర్ ఆ భయం మీద టీడీఎస్ మీటర్ పెట్టి అమ్ముతాడు. మీటింగ్ రోజు రెండు గాజు గ్లాసులు తెప్పించాడు, ఒకదాంట్లో మా నల్లా నీళ్లు, ఇంకోదాంట్లో తన క్యాన్ నీళ్లు. పెన్నులాంటి మీటర్ నల్లా గ్లాసులో ముంచితే 310, క్యాన్ గ్లాసులో 38. "చూడున్రి సార్, ఎనిమిది రెట్లు విషం" అన్నాడు. రెండో ఫ్లోర్ ఆంటీ గుండె మీద చెయ్యేసుకుంది. ఇక్కడ ఒక్క నిమిషం ఆగండి, ఈ మీటర్ పేరు చెప్పి మన దిక్కు చాలామంది మోసపోతున్నారు. టీడీఎస్ అంటే నీళ్లలో కరిగిన లవణాలన్నిటి మొత్తం, మీటర్ అందులో కరెంటు ఎంత పారుతుందో చూసి ఒక అంకె చూపిస్తుంది. తాగే నీళ్లకు మన దేశపు ప్రమాణం 500 దాకా మంచిదే అంటుంది, అంటే 310 అనేది విషం ఏమీ కాదు. ఫ్లోరైడ్ లెక్క వేరే, లీటరుకు 1 మిల్లీగ్రాము దాకా ఫర్వాలేదు, వేరే దారి లేకపోతే 1.5 దాకా, అది దాటితే ముప్పు. వందల్లో ఉండే టీడీఎస్ అంకెలో ఈ ఒకటీ రెండూ ఎక్కడ కనపడతాయి? టీడీఎస్ 400 ఉన్న బోరులో ఫ్లోరైడ్ మూడు ఉండొచ్చు, 310 ఉన్న కృష్ణా నీళ్లలో ఒకటి కూడా ఉండకపోవచ్చు. నేను పట్టుబట్టి రెండు సీసాలూ ల్యాబ్‌లో ఇచ్చి ఫ్లోరైడ్ టెస్ట్ చేయించాను. క్యాన్ నీళ్లూ ఒకటి లోపే, నల్లా నీళ్లూ ఒకటి లోపే. ఆ కాగితం వాట్సాప్ గ్రూప్‌లో పెడితే ఇద్దరు బొటనవేలు గుర్తు పెట్టారు, మిగతావాళ్లు గుడ్ మార్నింగ్ మెసేజ్‌లు పెట్టుకున్నారు.

సరే, చేరాం కదా. జూలై నుంచి మార్చి దాకా ఒక్క రోజు ఎగ్గొట్టలేదు. సంక్రాంతికి, మా బావమరిది పెళ్లికి ఊరెళ్లినప్పుడు కలిపి 12 కూపన్లు మిగిలాయి, అవి మా లెక్క, వాటి గురించి గొడవ లేదు. అందుకే తొమ్మిది నెలలకు నాలుగు స్టార్లు ఇస్తున్నా. ఐదోది ఎందుకు పోయిందంటే కొలత దగ్గర.

ఒక ఆదివారం మా పాపకు స్కూల్లో లీటర్లు, మిల్లీలీటర్లు పాఠం ఉంటే, ప్రాక్టికల్ చేద్దాం అని క్యాన్ నీళ్లు లీటరు జగ్గుతో కొలిచి బిందెల్లో పోయడం మొదలుపెట్టాం. పాప ప్రతి జగ్గుకు వంటింటి నేల మీద సుద్దముక్కతో గీత గీసింది. పద్దెనిమిది గీతలయ్యాక క్యాన్ వంచితే సగం జగ్గు వచ్చింది, అంతే. పద్దెనిమిదిన్నర. మా ఆవిడ నమ్మలేదు, మర్నాడు ఇంకో క్యాన్ కొలిచింది, పద్దెనిమిది మీద కొంచెం. మూత అదిమి పెట్టే రకం, సీల్ లేదు, ఆటో గుంతల్లో పడ్డప్పుడల్లా మూత పక్కనుంచి నీళ్లు కారడం డాబా మీద నుంచి చూస్తే కనపడుతుంది. ఓనర్‌ని అడిగితే, "ప్లాంట్ల ఇరవై నింపినం సార్, ఆటోల తొణికింది, రోడ్డు నేనేసిన్నా?" అన్నాడు. రోడ్డు ఆయన వేయలేదన్నది నిజమే. క్యాన్ పట్టుకునే పిడి లోపలి మడతలో సన్నటి పచ్చటి పాచి గీత కూడా ఉంది, ట్యూబ్‌లైట్‌కి ఎదురుగా పెట్టి చూస్తేనే కనపడుతుంది, ఎండలో ఆటో మీద నిలబెట్టిన క్యాన్లకు అది తప్పదు. అది చెప్తే మాత్రం వెంటనే మార్చాడు, ఆ విషయంలో మనిషి మంచోడు.

సాయంత్రం ఈ పద్దెనిమిదిన్నర సంగతి పెద్దనాయనకు చెప్పా. ఆయనకు ఇదే కావాలి. "నీళ్లు కొనేటోడు మొట్టమొదట అడగాల్సింది కొలత ఏడ అని బిడ్డా, అమ్మెటోని గేటు కాడనా, మన గేటు కాడనా" అని మొదలుపెట్టి మద్రాసు దాకా పోయాడు. 1976లో మద్రాసు తాగునీళ్ల కోసం మహారాష్ట్ర, కర్ణాటక, ఆంధ్రప్రదేశ్ మూడూ కృష్ణలో తలా 5 టీఎంసీలు (ఒక టీఎంసీ అంటే వంద కోట్ల ఘనపుటడుగుల నీళ్లు) ఇస్తామన్నాయి, మొత్తం 15. 1983లో ఎన్టీఆర్, ఎంజీఆర్ ముఖ్యమంత్రులుగా ఉన్నప్పుడు తెలుగుగంగ ఒప్పందం రాసుకుంటే అందులో తమిళనాడుకు చేరాల్సింది 12 అని రాశారు. మిగతా మూడు దారిలో ఆవిరికి, ఇంకుడుకు. అంటే తొణికేది ముందే లెక్కగట్టి కాగితం మీద పెట్టారు. కొలిచేది కూడా శ్రీశైలం దగ్గర కాదు, సరిహద్దులో ఊత్తుకోట దగ్గర జీరో పాయింట్ అని ఉంటుంది, అక్కడ దాటిందే లెక్క. "గంత పెద్ద సర్కార్లు గట్ల రాసుకున్నయి, నువ్వు నీ లిఫ్ట్ తలుపు కాడ కొలుసుకోలేక పోతివి" అన్నాడు. ఇంకో మాట కూడా చెప్పాడు, అది అప్పుడు నా చెవికెక్కలేదు. ఆ 12లో 8 టీఎంసీలు జూలై నుంచి అక్టోబర్ లోపల, 4 జనవరి నుంచి ఏప్రిల్ లోపల ఇవ్వాలని నెలలతో సహా రాశారట. వేళ్ల మీద లెక్కపెట్టి చూసుకోండి, మే అందులో లేదు.

ఏప్రిల్‌లో సన్నగా మొదలైంది. వారానికి ఒక రోజు, తర్వాత రెండు రోజులు బండి రాలేదు, నెలంతా కలిపి 22 క్యాన్లు. మేలో అసలు టెన్షన్. 31 రోజుల్లో మాకు వచ్చింది 11. పొద్దున ఏడింటికి వచ్చే అబ్బాయి పదకొండుకు, ఒకరోజు రాత్రి తొమ్మిదికి. ఓనర్ ఫోన్ మోగుతుంది, ఎత్తడు, ఎత్తితే "వస్తుంది సార్, లైన్ల ఉంది" అంటాడు. రెండో ఫ్లోర్ ఆంటీ కనిపెట్టింది అసలు సంగతి, మా పక్క బిల్డింగ్‌కు రోజూ బండి వస్తోంది. అక్కడ కూపన్లు లేవు, క్యాన్ 30 రూపాయలు చేతిలో పెడతారు. ముందే డబ్బు కట్టినవాళ్లకు రేపు, చేతిలో పెట్టేవాళ్లకు ఈరోజు. నేనూ సిగ్గు లేకుండా ఆ నెల 20 క్యాన్లు అదే బండి దగ్గర 30 చొప్పున కొన్నా, 600 రూపాయలు. మా కూపన్ల కట్ట ఫ్రిజ్ మీద గులాబీ రంగులో నన్ను చూసి నవ్వుతున్నట్టే ఉండేది.

కోపంగా ప్లాంట్‌కి పోయా, నాలుగు మాటలు అనాలనే పోయా. రేకుల షెడ్డు, లోపల కాలుతోంది. బోరు మోటార్ నడుస్తోంది కానీ పైపులో నీళ్లు, గాలి కలిపి దగ్గుతున్నట్టు వస్తున్నాయి. బయట ఒక ట్యాంకర్ ఆయన సంపులోకే నీళ్లు వదులుతోంది. ఓనర్ బోర్లించిన క్యాన్ మీద కూర్చుని తల మీద తడి తువ్వాలు వేసుకున్నాడు. నన్ను చూసి లేచి, "నేను గూడ కొంటున్న సార్. ట్యాంకర్ 700. మీకు పదమూడుకు పోస్తే నేను పోత" అన్నాడు. వెనక మోరీలో ఆర్వో వదిలేసిన నీళ్లు దర్జాగా పారుతున్నాయి, కొన్న ట్యాంకర్లో ఇంచుమించు సగం అట్లా పోయేదే. నాకు ఏమనాలో తోచలేదు. ఈయన నాకు ఏడాది నీళ్లు అమ్మాడు, కానీ మే నెల నీళ్లు ఆయన దగ్గర ఎప్పుడూ లేవు. లేని నీళ్లు అమ్మాడు, నేను కొన్నాను. (ఆ వదిలేసిన నీళ్లు గిన్నెలు తోమడానికి, బండలు కడగడానికి పనికొస్తాయి, అడిగితే ఊరికే పట్టుకోనిస్తాడు, ఆ మాట చెప్పకపోతే అన్యాయం.)

ఇంటికొచ్చి చెప్తే పెద్దనాయన ఢిల్లీ కథ తీశాడు. హిమాచల్ ప్రదేశ్ యమునలో తన వాటా నీళ్లు ఢిల్లీకి అమ్మడానికి 2019లో ఒప్పందం రాసుకుంది, ఏడాదికి 21 కోట్లు. 2024 జూన్‌లో ఢిల్లీ గొంతు ఎండిపోయి సుప్రీంకోర్టుకు పోతే, హిమాచల్ దగ్గరున్న మిగులు 137 క్యూసెక్కులు వదలమని కోర్టు చెప్పింది. వారం తిరిగేసరికి హిమాచల్ మళ్లీ కోర్టుకొచ్చి మా దగ్గర అంత మిగులు లేదు అంది. 137 క్యూసెక్కులంటే సెకనుకు దాదాపు 194 క్యాన్లు, నేను ఫోన్‌లో లెక్క కట్టా. పేపర్ మీద ఉన్నాయి, నదిలో లేవు. మా ప్లాంట్ ఓనర్‌కూ ఒక రాష్ట్ర ప్రభుత్వానికీ ఇంత దగ్గరి చుట్టరికం ఉంటుందని నేను అనుకోలేదు.

మన కృష్ణ మీదా ఇదే తంతు. ఎండాకాలం రాగానే బెళగావి, విజయపుర, బాగల్‌కోట దిక్కు తాగునీళ్ల కోసం కర్ణాటక కోయ్నా డ్యామ్ నీళ్లు వదలమని మహారాష్ట్రను అడుగుతుంది, కొన్నేళ్లు డబ్బు కట్టి కూడా తెచ్చుకుంది. 2019లో మహారాష్ట్ర డబ్బు వద్దంది, నీళ్లకు నీళ్లే ఇవ్వండి, మా జత్ తాలూకాకు మీ దిక్కునుంచి ఇవ్వండి అంది. అదే ఏడాది మేలో మన పాలమూరు తాగునీటికని కర్ణాటక నారాయణపూర్ నుంచి జూరాలకు 2.5 టీఎంసీలు వదలడానికి ఒప్పుకుంది. పెద్దనాయన దీని దగ్గరా అదే ప్రశ్న వేస్తాడు, రెండున్నర అనేది నారాయణపూర్ గేటు దగ్గరా, జూరాల దగ్గరా? మేలో ఎండిన ఇసుక ముందు తను తాగి గానీ కిందికి వదలదు, ఒడ్డు పొడుగునా మోటార్లుంటాయి, ఎండ ఒక పక్క. ఆటోలో తొణికినట్టే, ఇక్కడ రోడ్డు నది. కర్ణాటకను తప్పు పట్టడం లేదు, మే నెలలో పక్కింటికి ఒక బిందె ఇచ్చినా గొప్పే. కానీ కొనేవాడిగా మనం అడగాల్సిన మాట మాత్రం అది. రేపు ఏ ప్రభుత్వమైనా ఏ రిజర్వాయర్ నీళ్లయినా కొందామని ఫైలు కదిపితే, నేనైతే రేటు కంటే ముందు ఏ నెల, ఏ గేటు అని చూస్తా.

రేటు ఎందుకు చివర అంటున్నానో చెప్తా. పదకొండున్నర వేల క్యూసెక్కులు ఒక రోజంతా పారితే ఒక టీఎంసీ, అంటే సుమారు 2,831 కోట్ల లీటర్లు, 20 లీటర్ల క్యాన్లయితే 141 కోట్లు. క్యాన్ 20 రూపాయలంటే లీటరు రూపాయి, అంటే మా గల్లీ రేటున ఒక్క టీఎంసీ 2,831 కోట్ల రూపాయలు. హిమాచల్ ఏడాది మొత్తానికి అడిగింది 21 కోట్లు. ఆ మధ్య తేడా నీళ్లది కాదు, ఎత్తడం, శుద్ధి, పైపు, ఆటో, మూడంతస్తుల మెట్లు, ఆ అబ్బాయి భుజం. హైదరాబాద్ సంగతే తీసుకోండి, సాగర్ వెనక జలాల నుంచి పుట్టంగండి దగ్గర పంపులతో ఎత్తి అక్కంపల్లి రిజర్వాయర్‌కు, అక్కడి నుంచి కోదండాపూర్‌లో శుద్ధి చేసి వంద కిలోమీటర్లకు పైగా తోస్తారు, మూడు దశలు కలిపి రోజుకు 270 మిలియన్ గ్యాలన్లు, ఏడాదికి 16.5 టీఎంసీలు. సాగర్ నిండు మట్టం 590 అడుగులు, 510కి దిగితే ఆ పంపులకు అందడం కష్టం, 2024 ఎండాకాలంలో మట్టం అక్కడికి పడిపోతే ఎమర్జెన్సీ పంపులు దించాల్సి వచ్చింది. నీళ్లు అక్కడే కనపడుతుంటాయి, మన పైపుకు అందవు. కూపన్ ఉంది, క్యాన్ లేదు, అదే కథ.

ఇప్పుడు నాకు కొంచెం సిగ్గేసే విషయం. ఇంత గొడవలో మేం మర్చిపోయింది ఏంటంటే, మా ఇంటికి రోజు విడిచి రోజు నల్లా వస్తుంది, అందులో వచ్చేది కృష్ణా నీళ్లే. అక్కంపల్లి నుంచి కాల్వలో వచ్చి పానగల్లు ఉదయసముద్రంలో పడతాయి, ఒకటిన్నర టీఎంసీ పట్టే చెరువు, ఛాయా సోమేశ్వరుని గుడికి పోయినప్పుడల్లా ఆ కట్ట ఎక్కి మా పాప బిస్కెట్లు తింటుంది. ఆ నీళ్లు శుద్ధి అయ్యి మా సంపు దాకా వస్తే, వాటిని బాత్‌రూమ్‌కు వాడుకుంటూ, వందల అడుగుల లోతు బోరు నీళ్లు వడకట్టిస్తే డబ్బు పెట్టి తాగుతున్నాం. పెద్దనాయన ఒక్కడే మొదటి నుంచీ కింద గేటు దగ్గర లైన్ నల్లా కింద రాగి బిందె పెట్టి పట్టుకుని, మరిగించి చల్లార్చుకుని తాగుతాడు. క్యాన్ ముట్టడు. మేం ఆయనది చాదస్తం అనుకున్నాం.

మిగతావాళ్లం ఎందుకు తాగట్లేదంటే నిజమైన కారణం ఫ్లోరైడ్ కాదు, టీడీఎస్ కాదు, మా సంపు. ఎవరు కడిగించాలి అనే దాని మీద నాలుగేళ్లుగా తేలలేదు. మే ఆఖరి వారం దెబ్బకు తేలింది. ముగ్గురు మనుషులను పిలిచి కడిగిస్తే 3,000, ఫ్లాటుకు 150 పడింది. రెండు బకెట్ల బురద, ఒక చిన్నపిల్లల బంతి, ఒక ఎడమ కాలి చెప్పు వచ్చాయి. చెప్పు ఎవరిదో ఇప్పటికీ ఎవరూ ఒప్పుకోలేదు. పెట్టిన 150 రూపాయల్లో ఇంత సుఖం నేను ఎరగను, ఇప్పుడు మా ఇంట్లో తాగడానికి నల్లా నీళ్లు మరిగించుకుంటున్నాం, పప్పుకూ అవే, నాలుగో విజిల్‌కు ఉడుకుతుంది, మూడు కాదు గానీ ఆరు కూడా కాదు. టీ కోసం మాత్రం మా ఆవిడ క్యాన్ వదలనంటోంది.

జూన్‌లో వానలు పడ్డాక బండి మళ్లీ దారిలో పడింది, ఆ నెల 24 వచ్చాయి. ఏడాది తిరిగేసరికి మా దగ్గర 46 కూపన్లు మిగిలాయి. ఊరెళ్లిన 12 తీసేస్తే 34 ఆయన బాకీ. అడగ్గానే కొత్త ఏడాదిలో కలుపుతా అన్నాడు, డబ్బు వాపస్ మాత్రం లేదు, ఇది చేరేవాళ్లు గుర్తుంచుకోండి. పదుగురు మానేశారు, నలుగురం మిగిలాం, మాకు రోజు విడిచి రోజు చాలు.

ఈసారి సంతకానికి పెద్దనాయన వచ్చాడు. తెల్ల కాగితం మీద స్కేలు పెట్టి గళ్లు గీశాడు, ఒక వరసలో పన్నెండు నెలలు, కింద నెలకు ఎన్ని క్యాన్లు ఇస్తాడో రాయడానికి ఖాళీ, ఇంకో వరసలో లీటర్లు, పైన హెడ్డింగ్ "లిఫ్ట్ తలుపు కాడ కొలత". ఓనర్ మొదట నవ్వాడు, తర్వాత కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. జూలై 15, ఆగస్ట్ 16, అట్లా నింపుకుంటూ పోయాడు. లీటర్ల గడిలో 20 అని రాసి, కొట్టేసి, 19 అని రాశాడు. పెద్దనాయన తల ఊపాడు, "గది నిజం" అన్నాడు. ఏప్రిల్ దగ్గర కాసేపు ఆలోచించి 8 వేశాడు. మే గడి దగ్గర పెన్ను అట్లాగే పట్టుకుని కిటికీలోంచి బయటికి చూశాడు, పెద్దనాయన వైపు చూశాడు, మళ్లీ కాగితం వైపు చూశాడు, ఆ గడి ఖాళీగా వదిలేసి జూన్‌లో 12 రాసి కింద సంతకం పెట్టాడు.

ఆ కాగితం మా ఫ్రిజ్ మీద ఉంది. పోయిన ఏడాదికి మొత్తం మీద రెండున్నర స్టార్లు, ఖాళీ వదిలినందుకు ఇంకో అర కలిపి మూడు వేస్తున్నా.